వంశంలో ఉన్నదా, నీళ్ళలో ఉన్నదా?

2010లో నల్లగొండ వైపు నుంచి ఒక అవ్వ తన మనవణ్ణి మా ఓపీకి తీసుకొచ్చింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. నిటారుగా నిలబడమంటే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు మాత్రం జానెడు దూరంగా ఉన్నాయి. నోరు తెరిస్తే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఏమిటి ఇబ్బంది అని నేను అడగకముందే అవ్వ చెప్పేసింది: "ఇది మా రక్తంలనే ఉందమ్మా. మా మామకుండె, నా పెనిమిటికుండె, ఇప్పుడు వీనికొచ్చింది. మందులతోని పోయేది గాదని మాకెరికే."

పక్కన పిల్లవాడి తల్లి నిలబడి ఉంది. నాలుగో నెల గర్భవతి. ఆమె నోరు విప్పలేదు. అవ్వే మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. పిల్లవాడి బాబాయికి కుదిరిన సంబంధం తప్పిపోయిందట. "ఆ ఇంట్ల వంకరకాళ్ళున్నయి, పిల్లనెట్లిస్తం" అని ఆడపెళ్ళివారు వెనక్కి వెళ్ళారు. కడుపులో ఉన్న బిడ్డ కూడా ఇలాగే పుడితే ఏం గతి అని ఇంట్లో చర్చ నడుస్తోంది. గర్భం తీయించుకుంటే మంచిదా అని అడగడానికే నిజానికి వారు వచ్చారు. పిల్లవాడి కాళ్ళు ఒక సాకు.

ఆ అవ్వ చదువుకోలేదు. కానీ ఆమె వేసుకున్న లెక్క తేలికగా తీసిపారేసేది కాదు. దానిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి లెక్క మీలో చాలామంది ఇళ్ళలో కూడా వేసుకుని ఉంటారు.

అవ్వ లెక్క

"మా ఇంట్ల పుట్టిన మొగపిల్లలకు, ఆడపిల్లలకు అందరికీ పళ్ళ మీద మచ్చలున్నయి. బయటినుంచి వచ్చిన కోడండ్లకు లేవు. నాకు లేవు, ఈమెకు లేవు. మేం గూడ అదే ఇంట్ల ఉంటున్నం, అదే తింటున్నం, అదే బాయి నీళ్ళు తాగుతున్నం. మరి రక్తంల లేకపోతే ఎక్కడిది?"

చూడండి, ఎంత చక్కటి తర్కమో! వంశపారంపర్య వ్యాధిని గుర్తించడానికి మేము వైద్య కళాశాలలో నేర్చుకునేది కూడా ఇదే. తాత, కొడుకు, మనవడు వరుసగా ఉన్నారా? ఆ ఇంటి రక్తం ఉన్నవారికే వస్తోందా? పెళ్ళి చేసుకుని వచ్చినవారికి రావడం లేదా? మూడింటికీ "అవును" అంటే జన్యువులను అనుమానించాలి.

అయితే పంటి పైపొర తయారయ్యేది చిన్నతనంలోనే. అది మొదట్లో తెలిస్తే లెక్క తలకిందులవుతుంది. శాశ్వత దంతాలు చిగురు లోపల రూపుదిద్దుకునేది పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ వరకు. ఆ వయసులో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే పైపొరలో సున్నపు పదార్థం సరిగ్గా పేరుకోదు. మొదట సుద్ద తెలుపు మచ్చలు, తరువాత పసుపు, గోధుమ చారలు. ఎనిమిదేళ్ళు దాటిన తరువాత అదే నీరు ఎంతకాలం తాగినా దంతాలకు మచ్చ రాదు. కోడళ్ళు పదహారు, పద్దెనిమిదేళ్ళకు ఆ ఊరు వచ్చారు. వారి దంతాలు పుట్టింటి నీళ్ళతో తయారై వచ్చాయి. అందుకే తెల్లగా ఉన్నాయి.

కాబట్టి ఆ ఇంట్లో పుట్టినవారికి, ఆ ఇంటికి వచ్చినవారికి మధ్య కనిపించిన తేడా రక్తానిది కాదు, ఏ వయసులో ఆ నీరు తాగడం మొదలుపెట్టారన్న దానిది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నేను అవ్వను రెండు ప్రశ్నలు అడిగాను. "మీ పక్కింటివారు మీకు చుట్టాలా?" కాదు, వేరే కులం, వేరే ఇంటిపేరు. "వాళ్ళ పిల్లల పళ్ళు ఎలా ఉన్నాయి?" కాసేపు ఆలోచించి, "వాండ్లకూ అట్లనే ఉన్నయి" అంది. రెండో ప్రశ్న: "మీ పెద్దమ్మాయిని ఎక్కడిచ్చారు?" మిర్యాలగూడ వైపు, కాలువ నీళ్ళు తాగే ఊరికి. "ఆమె పిల్లల కాళ్ళు, పళ్ళు?" మంచిగున్నాయి. కూతురు రక్తం ఆ పిల్లలలో ఉంది, బావి మాత్రం లేదు. పక్కింటివారితో రక్తం పంచుకోలేదు, బావి పంచుకున్నారు. అవ్వ నా ముఖం వైపు చూసి ఊరుకుంది. ఆ తరువాత కోడలు మొదటిసారి మాట్లాడింది: "మరి నా కడుపుల బిడ్డకు?"

దానికి జవాబు చెప్పడానికి ముందు కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి.

జన్యువు లేని నకలు

మన శరీరం ఎలా తయారు కావాలో సూచనలు జన్యువులలో ఉంటాయని మీరు వినే ఉంటారు. ఇల్లు కట్టడానికి ప్లాను ఎలాగో ఇవీ అలాగే. ప్లానులోనే గోడ వంకర గీసి ఉంటే ఇల్లు వంకరగా లేస్తుంది. ప్లాను సరిగ్గానే ఉండి, సిమెంటులో ఉప్పు నీళ్ళు కలిస్తే కూడా గోడ పాడవుతుంది. ఇల్లు చూడడానికి వచ్చినవారికి రెండూ పాడైన గోడలే.

1935లో జర్మనీకి చెందిన రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ అనే శాస్త్రవేత్త పండ్ల మీద వాలే చిన్న ఈగలతో ప్రయోగాలు చేశాడు. ఈగ ఇంకా ఎదుగుతున్న దశలో, ఒక నిర్ణీత సమయంలో దానికి ఎక్కువ వేడి తగిలేలా చేస్తే, పుట్టే ఈగలకు రెక్కలు వంకరగానో, వేరే తీరుగానో వచ్చేవి. ఆశ్చర్యమేమిటంటే, జన్యువులో లోపం వల్ల పుట్టే ఈగలకు అచ్చం అలాంటి రెక్కలే ఉండేవి. కానీ వేడి తగిలిన ఈగల పిల్లలకు ఆ లోపం రాలేదు. జన్యువు చెక్కుచెదరలేదు కదా! ఇలాంటి దానికి ఆయన ఫీనోకాపీ అని పేరు పెట్టాడు. మనం నకలు రూపం అనుకోవచ్చు.

ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, నకలు రూపం తరువాతి తరానికి రక్తం ద్వారా పోదు. రెండు, దెబ్బ తగిలిన సమయం ముఖ్యం. అదే వేడి ఒక రోజు ముందో, వెనుకో తగిలితే ఈగకు వేరే లోపం వచ్చేది, లేదా ఏమీ అయ్యేది కాదు. దంతాల విషయంలో ఎనిమిదేళ్ళ గడువు ఇలాంటిదే. గర్భిణుల విషయంలో ఈ సమయం ఇంకా చిన్నది, రోజులలో లెక్క.

మన జిల్లాల నీరు

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మనుషులలో మొదట వివరించింది తెలుగు నేలలోనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలలో నడుములు బిగుసుకుపోయి, మెడ తిప్పలేక ఉన్నవారిని పరీక్షించి, కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని ప్రచురించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. నల్లగొండ పేరు తరువాత దేశమంతా తెలిసింది. అక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నీరు రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువగా ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. లోతు బోర్లు వేసుకున్న చోట సమస్య ముదరడానికి ఇదొక కారణం.

తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన దేశ ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. అది దాటి చాలాకాలం తాగితే దంతాలు, ఇంకా పెరిగితే ఎముకలు దెబ్బతింటాయి.

ఎముకలలో ఏమవుతుంది? పెద్దవారిలో ఎముక గట్టిపడి బరువెక్కుతుంది, ఎముకలను కలిపే నరాల వంటి పట్టీలలో కూడా సున్నం పేరుకుంటుంది. వెన్ను వెదురుకర్రలా బిగుస్తుంది. మనిషి పక్కకు తిరగాలంటే ఒళ్ళంతా తిప్పాలి. పెరిగే పిల్లలలో, ముఖ్యంగా పాలు, రాగులు వంటి సున్నం ఉన్న ఆహారం తక్కువగా తినే పిల్లలలో, ఇంకో తీరు. ఎముక మెత్తబడి బరువుకు వంగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడ్ పల్లెలలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అదే బావి, అదే ఫ్లోరైడ్ అయినా పోషకాహారం బాగా ఉన్న ఇంట్లో పిల్లవాడి కాళ్ళు నిలబడవచ్చు, లేని ఇంట్లో వంగవచ్చు. "అందరికీ అదే నీళ్ళయితే మా పిల్లవాడికే ఎందుకు?" అని అడిగేవారికి సగం జవాబు ఇది.

ఇక్కడ చిక్కు ఎక్కడంటే, ఈ మూడు రూపాలకూ జన్యువుల వల్ల వచ్చే జోడీలు ఉన్నాయి. పంటి పైపొర పుట్టుకతోనే సరిగ్గా తయారుకాని వంశపారంపర్య జబ్బు ఉంది. ఎముకలు రాయిలా గట్టిపడే జన్యు వ్యాధి ఉంది. కాళ్ళు వంగే జన్యు వ్యాధి ఉంది. ఒక్క ఎక్స్‌రే చూసి తేల్చడం కొన్నిసార్లు మాకూ కష్టం. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉన్న పొరలో సున్నం కనిపిస్తే ఫ్లోరోసిస్ వైపు మొగ్గుతాం. మూత్రంలో, నీటిలో ఫ్లోరైడ్ కొలుస్తాం. అన్నింటికంటే ముందు, అవ్వను అడిగినట్టు పక్కింటివారి గురించి అడుగుతాం.

అవ్వ తెచ్చిన బావి నీటిని పరీక్షకు పంపితే లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటింది. కోడలికి అప్పుడు జవాబు చెప్పగలిగాను: గర్భం తీయించుకోవలసిన కారణం ఏమీ లేదు. నీరు మార్చండి, ఈ రోజు నుంచే మార్చండి. బిడ్డ పుట్టాక ఎనిమిదేళ్ళు జాగ్రత్తగా ఉండండి.

నీరు మార్చడం చెప్పినంత సులువు కాదు. ఆ కుటుంబం మండల కేంద్రం నుంచి రోజూ రెండు బిందెలు, తాగడానికీ వంటకూ మాత్రం, సైకిలు మీద తెచ్చుకుంది. 2016లో మిషన్ భగీరథ పథకం మొదలై ఆ వైపు ఊళ్ళకు నది నీరు రావడం మొదలైన తరువాత బిందెల బాధ తగ్గింది. నల్లా రాని రోజున మాత్రం మళ్ళీ బోరు దగ్గరకు పోవద్దని చెబుతూ ఉంటాం. పిల్లవాడికి ఎదిగే వయసు ఇంకా మిగిలి ఉన్నందున మోకాళ్ళ దగ్గర చిన్న ప్లేట్లు అమర్చి క్రమంగా సరిచేశారు. నీరు మార్చకుండా ఆపరేషను ఒక్కటే చేస్తే కాళ్ళు మళ్ళీ వంగే అవకాశం ఉంది. తరువాత పుట్టిన ఆడపిల్లకు ఆరేళ్ళు దాటాక పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. అవ్వ ఆ పిల్లను మా దగ్గరకు తీసుకొచ్చింది పళ్ళు చూపించడానికే. మచ్చ లేదు. బాబాయికి అంతకుముందే పెళ్ళయింది, వేరే సంబంధం.

నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఆవిరై నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దీనిని తీయలేదు. ఆర్.ఓ. యంత్రం తీస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. జబ్బు వల్ల ఒక జిల్లా పేరు వైద్య పుస్తకాలకు ఎక్కడం ఒక విచారమైతే, దానికి విరుగుడు కూడా అదే పేరుతో ఉండడం కొంత ఊరట.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు

"మా చెల్లెలి బిడ్డకు కూడా అలాగే ఉంది, ఇంకా వంశం కాదంటారేమిటి?" అని ఒకరు నన్ను గట్టిగా అడిగారు. వారికి చెప్పిన సంగతి ఇది.

పశ్చిమ జర్మనీలో 1961లో ఒక న్యాయవాదికి కొడుకు పుట్టాడు. చేతులు చాలా పొట్టిగా ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే అతని సొంత చెల్లెలికి పుట్టిన కూతురికీ చేతులు అలాగే ఉన్నాయి. అన్నకూ చెల్లెలికీ ఒకేలాంటి బిడ్డలు! ఇక వంశదోషం తప్ప ఇంకేముంటుంది అనుకోవడం సహజం, అనుకున్నారు కూడా. ఆ తండ్రికి మాత్రం నమ్మకం కలగలేదు. తమ ప్రాంతంలో ఇలాంటి బిడ్డలు ఇంకా ఉన్నారని వెతికి, పిల్లల వైద్యుడు, జన్యు శాస్త్రవేత్త అయిన విడుకిండ్ లెంజ్ దగ్గరకు వెళ్ళాడు. లెంజ్ ఇల్లిల్లూ తిరిగి తల్లులను అడిగాడు. చాలామంది తల్లులు గర్భం తొలి వారాలలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర వేసుకున్నారు. 1957 నుంచి అది అక్కడ చీటీ లేకుండానే దొరికేది, వేవిళ్ళకు కూడా వాడేవారు. 1961 నవంబరులో దానిని అక్కడి మార్కెటు నుంచి తీసేశారు. అప్పటికి ప్రపంచంలో 10,000 మందికి పైగా బిడ్డలు అలా పుట్టారని అంచనా.

ఒక కుటుంబంలో ఇద్దరికి రావడానికి రక్తం అక్కరలేదు. ఒకే మందులషాపు, ఒకరికొకరు ఇచ్చుకునే సలహా చాలు. మన ఇళ్ళలో "నాకు బాగా పనిచేసింది, నువ్వూ వేసుకో" అని అక్క చెల్లెలికి మాత్ర ఇవ్వడం ఎంత మామూలు విషయమో మీకు తెలుసు.

ఆ మాత్ర జన్యు వ్యాధిని అంత అచ్చంగా ఎలా నటించగలిగింది? ఇది చాలాకాలం అర్థం కాలేదు. 2018లో తేలింది. చేతులు ఏర్పడడానికి అవసరమైన ఒక ప్రోటీను ఉంది. సాల్4 అనే జన్యువు దానిని తయారుచేస్తుంది. ఆ జన్యువు పుట్టుకతో పాడైనవారికి చేతుల ఎముకలలో లోపాలు వస్తాయి. థాలిడోమైడ్ జన్యువును ముట్టుకోదు. జన్యువు తయారుచేసిన ప్రోటీనును నాశనం చేస్తుంది. ప్లాను చింపినా, ప్లాను ప్రకారం వచ్చిన ఇటుకలు పగలగొట్టినా గోడ లేవదు. అందుకే జబ్బులు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉన్నాయి.

థాలిడోమైడ్ ఇప్పటికీ వాడుకలో ఉంది. కుష్టువ్యాధిలో వచ్చే తీవ్రమైన రియాక్షనుకు, మైలోమా అనే క్యాన్సరుకు బాగా పనిచేస్తుంది, మంచి మందే. ఇంట్లో ఎవరికైనా అది రాసి ఉంటే, గర్భం ధరించే వయసున్న స్త్రీలు ఎవరూ ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు. తాళం వేసి పెట్టండి. మూర్ఛకు ఇచ్చే వాల్ప్రోయేట్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. గర్భంలో బిడ్డకు అది హాని చేయవచ్చు. అయితే భయపడి మందు మీకు మీరే ఆపేయవద్దు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. గర్భం అనుకున్న రోజునే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

చంటిబిడ్డ కంటిలో తెల్లపొర

1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు ఒక వింత గమనించాడు. పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పిల్లలు ఒక్కసారిగా ఎక్కువగా వస్తున్నారు. పుట్టుశుక్లాలంటే అప్పటికి వంశపారంపర్యమనే అభిప్రాయం. కానీ వంశదోషం ఒకే ఏడాది ఊరంతా ఎలా వస్తుంది? తల్లులను విచారిస్తే, గర్భం తొలి నెలలలో వారిలో చాలామందికి జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లా వచ్చి తగ్గింది. గ్రెగ్ 78 మంది పిల్లల వివరాలు ప్రకటించాడు.

రుబెల్లా తల్లికి మూడు రోజుల జ్వరం, ఒంటి మీద సన్నని దద్దుర్లు, అంతే. చాలాసార్లు ఆమె మరచిపోతుంది కూడా. అదే గర్భం మొదటి వారాలలో వస్తే బిడ్డకు హాని కలిగే అవకాశం నూటికి తొంభై దాకా ఉండవచ్చు: చెవుడు, శుక్లాలు, గుండెలో రంధ్రం. పిల్లవాడికి చెవుడని తెలిసినప్పుడు మన వైపు వెంటనే వచ్చే మాట "మేనరికం చేశారు కదా". మేనరికం వల్ల కొన్ని జన్యు వ్యాధుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే, దాచేది లేదు. కానీ మేనరికం ఉందని తెలియగానే విచారణ ఆపేస్తే, తల్లికి వచ్చిన ఆ మూడు రోజుల జ్వరం గురించి ఎవరూ అడగరు. ఇది మా వైద్యులలో కూడా ఉన్న లోపమే.

దీనికి టీకా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2017 ఆగస్టులో పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి ఉచితంగా ఇస్తున్నారు. పెళ్ళి కావలసిన అమ్మాయి టీకా వేయించుకుందో లేదో తెలియకపోతే ముందే అడిగి వేయించండి. గర్భంతో ఉండగా వేయకూడదు, వేయించుకున్నాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

ఉప్పు సంగతి కూడా ఒక మాట. హిమాలయ లోయల్లో ఊళ్ళకు ఊళ్ళు గొంతువాపుతో, కొందరు పిల్లలు చెవుడు, మందబుద్ధితో ఉండేవారు. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుంచి కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి గొంతువాపు తగ్గుతుందని చూపించారు. మన ఇంట్లో అయోడైజ్డ్ ఉప్పు ఉండడానికి వెనుక ఆ పని ఉంది. పుట్టిన బిడ్డకు థైరాయిడ్ లోపం వేరే కారణాల వల్ల కూడా రావచ్చు. మడమ దగ్గర రక్తపు చుక్క తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. మొదటి రెండు వారాలలో మాత్ర మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఇక్కడ వంశమా కాదా అని తేలేవరకు ఆగనవసరం లేదు, ఆగకూడదు.

తిరకాసు రెండో వైపు

ఇంతవరకు చదివి "అయితే అన్నీ నీళ్ళ వల్లే" అనుకోకండి. ఆ పొరపాటూ మేము చూశాం. ఫ్లోరైడ్ ఊరి నుంచే వచ్చిన ఒక ఆడపిల్లకు కాళ్ళు వంగి ఉన్నాయి. ఊరంతా నీళ్ళే అన్నారు, మేము కూడా మొదట అదే రాసి పంపాం. నీరు మార్చినా, విటమిన్ డి ఇచ్చినా రెండేళ్ళలో మార్పు లేదు. అప్పుడు తండ్రిని చూశాం. పొట్టిగా, కాళ్ళు వంకరగా ఉన్నాడు. అతనికి ముగ్గురు కూతుళ్ళు, ఇద్దరు కొడుకులు. కూతుళ్ళు ముగ్గురికీ కాళ్ళు వంగాయి, కొడుకులిద్దరికీ నిటారుగా ఉన్నాయి. రక్తంలో ఫాస్ఫేటు బాగా తక్కువ. మూత్రపిండాలు ఫాస్ఫేటును బయటకు పారబోసే జన్యు వ్యాధి అది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి తన ఎక్స్‌ను కూతుళ్ళకే ఇస్తాడు, కొడుకులకు ఇవ్వడు. బావి నీరు ఆడ, మగ అని చూసి కాళ్ళు వంచదు కదా! ఆ లెక్క మేము మొదటి రోజునే అడిగి ఉండాల్సింది. ఫాస్ఫేటు మందులు మొదలుపెట్టాక పిల్ల నొప్పులు తగ్గాయి. పోయిన రెండేళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

తరువాతి బిడ్డ గురించి మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఈ తేడా మీదే ఆధారపడుతుంది. ఇద్దరి దగ్గర నుంచీ లోపం ఉన్న జన్యువు రావలసిన వ్యాధి అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక్కరి దగ్గర నుంచి వస్తే చాలిన వ్యాధులలో చాలావాటికి సగం. నకలు రూపమైతే, కారణం తీసేసినప్పుడు తరువాతి బిడ్డకు అందరి బిడ్డలకు ఉన్న అవకాశమే. తీయకపోతే మాత్రం పావు, సగం అన్న లెక్క ఉండదు, ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకూ రావచ్చు.

మా దగ్గరకు వచ్చేటప్పుడు

తల్లి గర్భంతో ఉన్నప్పటి కాగితాలు, మందు చీటీలు పారేయకుండా తీసుకురండి. చీటీ లేకుండా షాపులో కొన్నవి, నాటుమందులు, ఎవరో ఇచ్చిన మాత్రలు కూడా చెప్పండి. ఎవరూ తిట్టరు. ఆ నెలలలో జ్వరం, దద్దుర్లు వచ్చాయా, ఏ ఊళ్ళో ఉన్నారు, తండ్రి, తల్లి ఏ పని చేస్తారు అన్నవి కూడా కావాలి. అమ్మమ్మ, నాయనమ్మలలో ఒకరు వెంట వస్తే మంచిది. పాత సంగతులు వారికే గుర్తుంటాయి. తాతముత్తాతల పెళ్ళి ఫోటోలుంటే తీసుకురండి, కాళ్ళు, చేతులు అందులో కనిపిస్తాయి.

ఇంకో సంగతి, పిల్లవాడి ముందు "మీ వైపా, మా వైపా" అన్న వాదం పెట్టుకోకండి. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి అన్నీ అర్థమవుతాయి. మా అవ్వ మనవడు ఆ రోజంతా గోడకు ఆనుకుని, చొక్కా కిందికి లాగి మోకాళ్ళు కప్పుకుంటూనే ఉన్నాడు.

నీటి పరీక్షకు మీరు రోజూ తాగే బోరు లేదా బావి నుంచి ఒక లీటరు నీరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుకు పట్టుకుని లెక్క తప్పుతుంది. సీసాను అదే నీటితో రెండుసార్లు కడిగి నింపండి. మూత మీద ఊరి పేరు, ఏ బోరు, తేదీ రాయండి. పిల్లవాడు చిన్నప్పుడు వేరే ఊళ్ళో పెరిగి ఉంటే, వీలైతే ఆ ఊరి నీరు కూడా ఇంకో సీసాలో.